సవరణ: బోర్లా పడుకోబెట్టడం గురించి, మణికట్టు నొప్పి గురించి

పోయిన వారం బాలింతల కోసం రాసిన పోస్టులో "బిడ్డను రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి, మెడ బాగా నిలుస్తుంది" అని రాశాను. అది సగం మాటే. కొర్లగుంట నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, మా పాప రాత్రంతా బోర్లానే పడుకుంటోంది, మంచిదే కదా?" అంటే గుండె ఝల్లుమంది. తప్పు నాదే.

బోర్లా ఉంచేది బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు, మీరు పక్కనే కూర్చుని చూస్తున్నప్పుడు మాత్రమే. మొదట్లో ఒక్కోసారి 3 నుంచి 5 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు. పాలు తాగిన వెంటనే వద్దు. నిద్రకు మాత్రం, పగలైనా రాత్రైనా, వెల్లకిలానే. నిద్రలో హఠాత్తుగా శిశువు చనిపోయే ముప్పు బోర్లా పడుకుంటే పెరుగుతుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా వద్దని 1992లోనే చెప్పింది. మెత్తటి దిండు, బొంత బిడ్డ పక్కన ఉంచకండి. (అవ్వలు ఒప్పుకోరు, తెలుసు.)

ఇంకోటి. బొటనవేలి వైపు మణికట్టు నొప్పికి "రెస్ట్ ఇస్తే చాలు" అన్నాను. చంటిబిడ్డ తల్లికి రెస్టెక్కడ! మార్చాల్సింది ఎత్తుకునే తీరు. బొటనవేళ్లు చాచి చంకల కింద పట్టి లేపకండి. ఒక అరచేయి పిరుదుల కింద, ఇంకోటి మెడ కింద పెట్టి, మణికట్టు వంచకుండా ఎత్తండి. బొటనవేలిని కదలనివ్వని పట్టీ కూడా ఉంటుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్నీ పంపండి.