షుగరు వైద్యంలో గురక మాట

రాత్రి మితంగానే తింటున్నా పరగడుపు షుగరు ఎందుకు తగ్గడం లేదని విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో డాక్టరును అడిగే రోగికి అన్నం ఇంకా తగ్గించమన్న సలహా, లేదంటే మరో మాత్ర దొరుకుతుంది. గురక పెడతారా అన్న ప్రశ్న మాత్రం అరుదు. దాన్ని మధుమేహ వైద్యంలో తప్పనిసరి చేయాలన్నది మా అభిప్రాయం.

నిద్రలో గొంతు కండరాలు వదులై, శ్వాసమార్గం మూసుకుపోయి, 10 సెకన్లో అంతకు మించో ఊపిరి ఆడకపోవడమే స్లీప్ ఆప్నియా. పెద్ద గురక దీని ముఖ్య గుర్తు. శ్వాస ఇలా ఆగడం, బాగా తగ్గడం గంటకు 30 సార్లు దాటితే తీవ్రమైనదిగా లెక్క. ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. శరీరం ప్రాణాపాయం వచ్చినట్టే ఉలిక్కిపడి అడ్రినలిన్ వంటి హార్మోన్లను వదులుతుంది. వాటి ప్రేరణతో కాలేయం తన నిల్వల్లోని గ్లూకోజును రక్తంలోకి పంపుతుంది, ఇన్సులిన్ పనితనమూ మందగిస్తుంది. మెతుకు ముట్టకుండానే షుగరు పెరిగే దారుల్లో ఇదొకటి.

రెండు జబ్బులకూ మూలం ఊబకాయమేననే వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు గానీ, బరువును లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆప్నియా రోగుల్లో టైప్-2 మధుమేహం ముప్పు ఎక్కువేనని అధ్యయనాలు చూపాయి. ఈ రెండింటిలో ఏది ఉన్నా రెండోదాని కోసం వెతకాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2008లోనే సూచించింది.

అయితే నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి శ్వాసమార్గం మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రం తగిలిస్తే షుగరు మాత్రలు మానేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దానితో మూడు నెలల సగటు షుగరు తగ్గిన పరిశోధనలూ ఉన్నాయి, తగ్గనివీ ఉన్నాయి. చాలామంది నడిరాత్రికే విసుగొచ్చి మాస్కు తీసేయడం ఇందుకొక కారణం కావచ్చు. కలల నిద్ర ఎక్కువగా ఉండేదీ, ఆప్నియా తరచుగా ముదిరేదీ తెల్లవారుజామునే.

దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. అందరికీ రాత్రంతా నిద్ర పరీక్ష చేయడం అయ్యే పని కాదు, అవసరమూ లేదు. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసే ఆరోగ్య సిబ్బంది ఒక టేపుతో మెడ చుట్టుకొలత తీసి (లావు మెడ ఆప్నియాకు ఒక సూచన), గురక గురించి, పగటి కునుకు గురించి అడిగితే ఎవరికి పరీక్ష అవసరమో చాలావరకు తేలుతుంది. అడగవలసింది రోగిని కాదు, పక్కన పడుకునే ఇల్లాలిని. తాను గురక పెడతానని ఒప్పుకునే మగవాడు మన జిల్లాల్లో దొరకడం కష్టం. రాత్రంతా బండి నడిపే ఆటోనగర్ లారీ డ్రైవర్లతో ఈ పని మొదలుపెట్టాలి. వేలల్లో ధర పలికే సీప్యాప్ యంత్రాన్ని, అవసరమని తేలిన పేదలకు సర్కారు దవాఖానాల ద్వారా వాడకానికి ఇచ్చే ఏర్పాటును రాష్ట్ర ప్రభుత్వం చేయాలి.