మూడు అలలు, ఒకే గడియారం

పరకాల వైపు ఏ రైతునైనా మోటారు ఎందుకు కాలిందని అడగండి, ఒక్క ముక్కలో చెబుతాడు: ఫేజు పోయింది. మూడు తీగల్లో ఒకదానిలో కరెంటు పోయినా, నడుస్తున్న మోటారు వెంటనే ఆగదు. మిగిలిన రెండు తీగల నుంచి ఎక్కువ కరెంటు లాక్కుంటూ గుర్రుమంటుంది. వైండింగ్ మాడిన వాసన వచ్చేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. అదే ప్రశ్న హనుమకొండలో ఇంజనీరింగ్ చివరి ఏడాది విద్యార్థికి వేస్తే, 120 డిగ్రీల దూరంలో మూడు బాణాలు గీసి చూపిస్తాడు. బొమ్మలో తప్పేమీ లేదు. కానీ ఆ బాణాలు చెప్పే మూడు కరెంటు అలలను తన చేత్తో పుట్టించి, అందులో ఒకదాన్ని పీకి, ఏమవుతుందో చూసినవాడు ఎందరిలో ఒకడు?

1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు పునాది పడిన నాటి నుంచి వరంగల్ ఇంజనీర్లను తయారు చేస్తూనే ఉంది. ఉత్తర తెలంగాణకు కరెంటు పంచే సంస్థ కేంద్ర కార్యాలయం కూడా ఇక్కడిదే. అయినా చివరి ఏడాది ప్రాజెక్టు అనగానే చాలామంది కాళ్లు ప్రాజెక్టు సెంటర్ల మెట్లెక్కుతాయి. పెళ్లికి అద్దె నగలు తెచ్చుకున్నట్టు పెట్టె, రిపోర్టు, వైవా జవాబులు అన్నీ కలిపి తెచ్చుకుంటారు. నన్నడిగితే, మూడు చానళ్ల సైన్ వేవ్ జనరేటర్‌ను, అంటే ఆ మూడు అలలను చిన్న వోల్టేజీతో పుట్టించే పెట్టెను, ఇంట్లో బల్ల మీద కట్టడం వాటిలో చాలా ప్రాజెక్టుల కంటే మేలు. ఖర్చు తక్కువ, తప్పులు చేయడానికి చోటు ఎక్కువ.

మొదటి తప్పు నేనూ చేశాను. అల పుట్టించే ఏడీ9833 అనే చిన్న చిప్ ఉన్న మాడ్యూళ్లు మూడు కొని, మూడింటికీ 50 హెర్ట్జ్ అని చెప్పి, మూడు ఫేజులు వచ్చేశాయనుకున్నాను. అలలను గీసి చూపే సీఆర్ఓ తెర మీద అలలు అందంగానే ఉన్నాయి, కాకపోతే ఒకదాన్ని పట్టి నిలిపితే పక్కది మెల్లగా జారిపోతోంది. కారణం చిప్ కాదు, నా అమాయకత్వం. ఒక్కో మాడ్యూల్ మీద ఒక్కో 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ గడియారం ఉంటుంది. ఏ రెండు గడియారాలూ సరిగ్గా ఒకేలా నడవవు. రెండింటికీ పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకుందాం. 50 హెర్ట్జ్ దగ్గర అది సెకనుకు 0.36 డిగ్రీల జారుడు. అంటే ఐదున్నర నిమిషాల్లో 120 డిగ్రీలు, 1000 సెకన్లలో పూర్తిగా ఒక చుట్టు. ఒక అలను పుట్టించడం నేడు ఎవరికైనా సాధ్యమే. అలకూ అలకూ మధ్య దూరాన్ని కదలకుండా నిలబెట్టడమే అసలు పని.

మందు సులువే. రెండు మాడ్యూళ్ల క్రిస్టళ్లు తీసేసి, మూడో దాని గడియారాన్నే అన్నింటికీ పంచాలి. రీసెట్ నుంచి మూడింటినీ ఒకేసారి వదలాలి. అల ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకెను దాచుకునే చిప్‌లోని ఫేజ్ రిజిస్టర్ ఒక చుట్టును 4096 మెట్లుగా కోస్తుంది కాబట్టి రెండో చానల్‌కు 1365, మూడో దానికి 2731 రాస్తే చాలు.

అయితే 50 హెర్ట్జ్ కోసం ఇంత హంగామా అక్కర్లేదని నా అభిప్రాయం. ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు ఒకటి సరిపోతుంది. మెమరీలో 256 గళ్ల సైన్ పట్టిక పెట్టి, ఒకే లెక్కింపును నడిపి, పల్సుల వెడల్పు మార్చి వోల్టేజీని పెంచి తగ్గించే మూడు పీడబ్ల్యూఎం పిన్నులకు పట్టికలో మూడు చోట్ల నుంచి విలువలు పంపాలి: ఉన్న చోటు నుంచి, 85 గళ్ల అవతల నుంచి, 171 గళ్ల అవతల నుంచి. అర డిగ్రీ తేడా వస్తుంది, రానివ్వండి. లెక్కింపు ఒక్కటే కనుక అలలు ఒకదాని నుంచి ఒకటి జారిపోయే అవకాశమే లేదు. పల్సుల వేగాన్ని మామూలుగా ఉండే దానికంటే బాగా, 31 కిలోహెర్ట్జ్ దాకా పెంచి, ఒక్కో పిన్ను దగ్గర 1.6 కిలో ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే పల్సుల గరుకు చాలావరకు పోయి నున్నటి అల మిగులుతుంది.

ఇక కెపాసిటర్ దొంగతనం. అలతో పాటు వచ్చే డీసీని, అంటే ఊగని వోల్టేజీని, ఆపడానికి చాలామంది అలవాటుగా 1 మైక్రోఫారడ్ వేస్తారు. దాని ముందు 10 కిలో ఓమ్ భారం ఉంటే 50 హెర్ట్జ్ దగ్గర ఫేజ్ దాదాపు 17.7 డిగ్రీలు కదులుతుంది. మూడూ సమానంగా కదిలితే గొడవ లేదు. కానీ కెపాసిటర్ల విలువల్లో 20 శాతం అటూ ఇటూ మామూలే. ఒకటి 15 దగ్గర, ఇంకొకటి 21 దాటి నిలబడతాయి. ప్రోగ్రాములో ఎంతో శ్రద్ధగా రాసిన 120ని చవక కెపాసిటర్ బయట మింగేస్తుంది. 100 మైక్రోఫారడ్ పెట్టండి, కదలిక 0.2 డిగ్రీల లోపే ఆగుతుంది.

పరీక్షకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక్కో చానల్ నుంచి 10 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి, మూడింటి కొసలు ఒక్కచోట కలపండి. మల్టీమీటర్‌ను ఏసీ వైపు తిప్పి ఒక తీగ ఆ ముడికి, రెండోది గ్రౌండ్‌కు ఆనించండి. దాదాపు సున్నా చూపాలి. ఇప్పుడు ఒక రెసిస్టర్ పీకండి. ఒక్కో చానల్‌కు ఎంత ఉందో అందులో సగం ఆ ముడి దగ్గర ప్రత్యక్షమవుతుంది. ఫేజు పోవడం అంటే ఏమిటో వేళ్ల మధ్యే తెలుస్తుంది, ఇంటి కరెంటు జోలికి పోకుండానే. ఈ పెట్టెను ఇంటి లైనుకు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదని వేరే చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను.

పీకిన రెసిస్టర్‌ను తిరిగి పెట్టి ఇంకొక పని చేయండి. ప్రోగ్రాములో 85, 171 అంకెలను తారుమారు చేయండి. మల్టీమీటర్‌కు ఏ తేడా కనపడదు, మొత్తం ఇప్పటికీ సున్నాయే. కానీ వరుస తిరగబడింది. పొలంలో ఇదే జరిగితే మోటారు వెనక్కి తిరుగుతుంది, నీళ్లు సరిగా ఎక్కవు. ఈ తేడా కళ్లతో చూడాలంటే రెండు చానళ్ల సీఆర్ఓ కావాలి. అది ప్రతి కాలేజీ ల్యాబులోనూ ఉంటుంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో ముందు కనుక్కోవాలి.