నీళ్లు నింపిన మర్నాడే చేపలా?

కొత్త రీఫ్ ట్యాంకులో (పగడాలు, సముద్రపు చేపలు పెంచే అక్వేరియంలో) ఉప్పునీళ్లు నింపిన మర్నాడే క్లౌన్ ఫిష్ జంటను వదిలేస్తారు. చూస్తే కడుపు మండిపోతుంది. అదేమంటే, నీళ్లు తేటగానే ఉన్నాయి కదా అంటారు. చేప విసర్జన నుంచి వచ్చే విషం అమ్మోనియా కంటికి కనబడదు! దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. బ్యాక్టీరియా లేని పొడి రాళ్లతో మొదలుపెడితే ఇంకా ఆలస్యం కావచ్చు. ఈలోపు పాపం ఆ చేప, తన విసర్జనకే మొప్పలు కాలి ఊపిరాడక చస్తుంది. పైగా ఈ నీటి పీహెచ్ 8.1–8.3 మధ్య ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ముదురుతుంది. చేపలు లేకుండానే 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో 2 భాగాలు) అమ్మోనియా వేసి, 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగేదాకా ఆగలేరా?

ఇంకో ఘోరం, నీటిమట్టం తగ్గితే మళ్లీ ఉప్పునీళ్లే పోయడం. ఆవిరయ్యేది నీరండీ, ఉప్పు కాదు! రోజూ అలా పోస్తూపోతే 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) దగ్గర ఉండాల్సిన లవణీయత పైకి ఎక్కి కూర్చుంటుంది, పగడాలు ముడుచుకుపోతాయి. పోయాల్సింది టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం) సున్నా చూపే ఆర్ఓ డీఐ నీళ్లు, అంటే లవణాలన్నీ వడకట్టి తీసేసిన నీళ్లు. కుళాయి నీళ్లలో ఫాస్ఫేట్, సిలికేట్ ఉంటే నాచుకు పండగే. రాగి ఉంటే రొయ్యలు, నత్తలు, పగడాలు బతకవు. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌నైనా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోరు, అది చూపించిన అంకెనే పట్టుకుని వాదిస్తారు.