బురుజు మాది, బిల్డప్పు మీది

తెలుగు సినిమా పరిశ్రమకూ రాయలసీమకూ మధ్య సమన్వయం లేదని కర్నూలు టీ కొట్ల దగ్గర కొందరు నిష్ఠూరాలు పోతుంటారు. ఇది తొందరపాటు మాట. ఇంత పక్కాగా పని పంచుకున్న వ్యవస్థ దేశంలో మరొకటి ఉంటుందని నేననుకోను. కథ హైదరాబాదుది, డబ్బు హైదరాబాదుది, హీరో హైదరాబాదు. దుమ్ము, ఎండ, బండలు మనవి. సినిమా అయ్యాక టికెట్ కొనే బాధ్యత కూడా మనకే అప్పగించారు. ఒక ప్రాంతం మీద ఇంతకన్నా నమ్మకం ఎవరు పెడతారు?

కొండారెడ్డి బురుజునే తీసుకోండి. 2003లో వచ్చిన 'ఒక్కడు' కోసం కర్నూలు దాకా వచ్చి అసలు బురుజు ముందే షూటింగ్ చేశారు. హైదరాబాదులోనే ఉన్న చార్మినార్‌కు మాత్రం సెట్ వేసుకున్నారు. దీన్ని అజ్ఞానులు వింత అన్నారు గానీ, ఇంకా సగం పనే అయిందని పరిశ్రమకు తెలుసు. 2020 సంక్రాంతికి 'సరిలేరు నీకెవ్వరు' వచ్చేసరికి అదే హీరో మళ్లీ బురుజు దగ్గరికి వచ్చాడు. ఈసారి బురుజే రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లింది.

న్యాయంగా మాట్లాడితే అసలు బురుజుతో కలిసి పనిచేయడం కష్టం. లైటింగ్ కుదరలేదని పక్కకు జరగమంటే జరగదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి మేకు కొట్టనివ్వరు. పైగా చుట్టూ కర్నూలు ఊరు ఉంది, అది పెద్ద ఇబ్బంది. ఆటోలు హారన్ కొడతాయి, జనం మేడలెక్కి హీరో పేరు అరుస్తారు. సెట్ బురుజుకు ఈ దురలవాట్లు లేవు. వడ్రంగులు చట్రం కట్టారు, మౌల్డింగ్ వాళ్లు రాళ్లు పోశారు, పెయింటర్లు శతాబ్దాల మసి పులిమారు. మన బురుజు అంత పాతబడటానికి విజయనగర కాలం నుంచి కష్టపడుతోంది, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కొన్ని వారాల్లో తేల్చేసింది. సామర్థ్యం అంటే అదీ.

సినిమాకు 24 శాఖలు అంటారు. శాఖకొక యూనియన్, యూనియన్‌కొక కార్డు, కార్డుకొక రేటు, రేటు పైన బత్తా, అంటే రోజు ఖర్చులు. ఇవన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో తెలియాలంటే కర్నూలు పక్కనున్న ఓర్వకల్లు బండల దగ్గర ఒక పూట నిలబడాలి. ఆ బండలేం మామూలువి కావు. 'బాహుబలి' షూటింగ్ 2013 జూలైలో మొదలైంది అక్కడే. అంత పెద్ద సినిమాలో నటించి బత్తా అడగని ఆర్టిస్టులు బహుశా అవే.

సరే, షూటింగ్. డైరెక్టర్‌కు ఫ్రేములో తలపాగా చుట్టిన ఒక ముసలాయన కావాలి. ఆ మాట డైరెక్టర్ నేరుగా అనడు. మానిటర్ చూస్తూ "ఏదో వెలితిగా ఉంది" అంటాడు. ఆ వెలితి ముసలాయనేనని కనిపెట్టాల్సింది కో-డైరెక్టర్. ఆయన అసోసియేట్‌ను కేకేస్తాడు, అసోసియేట్ అసిస్టెంట్‌ను, అసిస్టెంట్ వాకీటాకీలో ప్రొడక్షన్ మేనేజర్‌ను. ఈ ముసలాయన జూనియర్ ఆర్టిస్టుల పద్దులోకి వస్తాడా, లొకేషన్ ఖర్చులోకి వస్తాడా అన్నది మేనేజర్‌కు తేలాలి. తలపాగా తమదని కాస్ట్యూమ్స్ వాళ్లు, దాని కిందున్న తల తమదని మేకప్ వాళ్లు అంటారు. మనిషి ఇంకా దొరకలేదు, పంపకాలు మాత్రం అయిపోయాయి. చివరికి ఏజెంటుకు ఫోన్ వెళ్తుంది. కార్డున్న ముసలాయన ఒకాయన రాత్రి బస్సుకు హైదరాబాదులో బయలుదేరతాడు.

ఇక్కడ తాడు అవతల, పొద్దున్నుంచీ తలపాగాలు చుట్టుకుని షూటింగ్ చూస్తున్న మన ముసలాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. మర్నాడు దిగినాయన్ను వాళ్లలో ఒకాయన పలకరిస్తాడు.

"ఏమప్పా, దీనికోసరం అంత దూరం నుంచి వచ్చినావా?"

"అవును పెద్దాయనా."

"మేము ఈడనే ఉంటిమి కదప్పా."

"మీకు కార్డు లేదు కదా."

"ఎందుకు లేదు? తెల్ల రేషన్ కార్డుండాది."

ఇంత జరిగాక ఆ తలపాగా సంగతి మొదలవుతుంది. కాస్ట్యూమ్స్ వాళ్లు దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి తెస్తారు. మరీ కొత్తగా ఉందని ఆర్ట్ వాళ్లు దుమ్ము కొడతారు. దుమ్ము కెమెరాలో పడటం లేదని కెమెరామన్ లైటు మారుస్తాడు. నెలల తర్వాత హైదరాబాదులో డీఐ గదిలో, అంటే కంప్యూటర్‌లో సినిమా రంగులు దిద్దే చోట కూర్చున్న కుర్రాడు, వీళ్లెవరినీ ఎప్పుడూ చూడనివాడు, సీమ కదా అని మొత్తం ఫ్రేముకే పసుపు రంగు పూస్తాడు. కేసీ కెనాల్ కింద పచ్చగా ఉన్న వరిమళ్లు కూడా ఆ దెబ్బకు ఎండిపోతాయి. వాన లేకపోయినా తట్టుకున్న రైతు ఈ డీఐని తట్టుకోలేడు.

యాస కూడా ఇలాంటి ఉమ్మడి ఉత్పత్తే. ఆదోని మాటలో కన్నడం తొంగిచూస్తుంది, అనంతపురం సాగదీత వేరు, కడప విరుపు వేరు. విడివిడిగా చేయడానికి బడ్జెట్ చాలదు కనుక మూడింటినీ కలిపి కాచి ఒకే సీమ యాసగా డబ్బింగ్ థియేటర్‌లో దింపుతున్నారు. అది మాట్లాడే మనిషిని నేనింకా ఏ ఊళ్లోనూ చూడలేదు.

ఈ వ్యవస్థకు తగిలిన పెద్ద దెబ్బ మాత్రం బయటినుంచి వచ్చింది. 2019లో టాటావాళ్లు సుమోల తయారీ ఆపేశారు. ఫ్యాక్షన్ సినిమాల ఆర్ట్ డైరెక్టర్లను, ఫైట్ మాస్టర్లను ఒక్క మాటైనా అడగలేదు. గాల్లోకి లేపి పేల్చాల్సిన వాహనం విషయంలో రెండు పరిశ్రమలు ఇంత సమన్వయం లేకుండా ప్రవర్తించడం శోచనీయం.

పాతకాలం వాళ్లకు ఈ సంస్థాగత విజ్ఞానం ఏమీ తెలియదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచక వధ' ఆడి ఒక నాటక సమాజం మొదలైంది. చూస్తే అదంతా ఒకే కుటుంబం. వేషం కట్టినవాడే తెర లాగుతాడు, తల్లి స్టేజీ మీద పద్యం పాడుతుంటే కొడుకు పక్కన హార్మోనియం వాయిస్తాడు, పిల్లలు వేషం విప్పగానే తాళ్ల దగ్గరికి పరుగెత్తుతారు. రథాలు గాల్లో లేస్తాయి, మంటలు లేస్తాయి, ఒక్క మేనేజర్ కూడా కనిపించడు. ఎవరి పద్దు ఎవరిదో తేల్చకుండానే తరాల తరబడి నాటకాలు ఆడేశారంటే ఎంత అక్రమమో ఆలోచించండి.

తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డిగారిదీ అదే తీరు. ముందు సినిమా కంపెనీలో క్యాషియర్, తర్వాత ప్రొడక్షన్ మేనేజర్, ఆ తర్వాత డైరెక్టర్. డబ్బు లెక్క రాసిన చేతికే మెగాఫోన్ ఇచ్చారన్నమాట. ఫలితం ఊహించిందే. స్క్రిప్టు మొత్తం పూర్తై, ఏ సీను ఎంతసేపో తేలేదాకా ఆయన షూటింగుకు కదిలేవారు కాదని పేరు. సెట్ మీదికి వెళ్లాక కథ వెతుక్కోవడంలో ఉన్న సృజనాత్మక స్వేచ్ఛ పాపం ఆయనకు దక్కలేదు. ఆయనకు పని ఇచ్చిన బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి అన్నదమ్ములు కడప జిల్లావాళ్లు. మద్రాసులో స్టూడియో నడిపారు, 1974కు ఒకరు, 1986కు ఒకరు ఫాల్కే అవార్డు తెచ్చుకున్నారు. ఇంతా చేసి సీమలో పుట్టిన ఈ ముగ్గురూ ఒక్క సుమో కూడా పేల్చలేదు. సొంత ఊరి మార్కెట్ విలువ తెలియని మనుషులు.

ఆ అక్రమ పద్ధతి ఇప్పటికీ పూర్తిగా పోలేదని చెప్పడానికి చింతిస్తున్నాను. ఆదివారం గండికోట వెళ్లండి. పెన్న లోయ అంచున ప్రీ-వెడ్డింగ్ షూట్లు నడుస్తుంటాయి. వచ్చిన ఫోటోగ్రాఫరే డైరెక్టర్, డాన్స్ మాస్టర్, రాత్రికి ఎడిటర్. లైట్‌మన్ ఆయన బామ్మర్ది, రిఫ్లెక్టర్ పట్టుకోవడంతో పాటు పెళ్లికూతురి గౌను కొస మోయడం కూడా అతని శాఖే. నిర్మాత పెళ్లికూతురి మేనమామ. ఖర్చు పెట్టేది తానే కాబట్టి ప్రతి ఫ్రేములోనూ తాను ఉండాలని ఆయన కోరిక. పెద్దత్తగారు సెన్సార్ బోర్డు. "భుజం మీద చెయ్యి చాలు నాయనా, నడుం మీదొద్దు" అని అక్కడికక్కడే సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది, అప్పీలు లేదు. పొద్దు వాలేలోపు అయిపోవాలి కాబట్టి అయిపోతుంది. ఆరుగురు మనుషులు, ఒక అద్దె కారు, పులిహోర డబ్బా. దీన్ని ఏ ఫెడరేషన్ గుర్తిస్తుంది?

ఇక మన వంతు బాధ్యత, అంటే వసూళ్లు. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీవాళ్లకు రాసిచ్చాడు. కంపెనీ పోయింది, నిజాం పోయాడు. సినిమా లెక్కల పట్టికలో మాత్రం ఇచ్చినాయన ఒక గడిలో, ఇచ్చేసిన జిల్లాలు ఇంకో గడిలో, నైజాం, సీడెడ్ అని ఇప్పటికీ పక్కపక్కనే ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్సు కట్టి మన గడి కొనుక్కుంటాడు, ఎగ్జిబిటర్ దగ్గర వసూలు చేసుకుంటాడు, ఎగ్జిబిటర్ మన దగ్గర చేసుకుంటాడు. సినిమా బాగుంటే హీరో గొప్ప. పోతే సీడెడ్‌లో మాస్‌కు ఎక్కలేదని మన రుచి మీద సమీక్ష జరుగుతుంది.

ఇంత చేసినందుకు పరిశ్రమ కృతజ్ఞత చూపడం లేదనడం మాత్రం పచ్చి అబద్ధం. సినిమా చివర పేర్లు పైకి వెళ్తుంటాయి కదా, వాటిలో జిల్లా అధికారులకు, పోలీసు శాఖకు, కర్నూలు ప్రజలకు కృతజ్ఞతలు అని శుభ్రంగా వేస్తారు. చూడలేదంటే తప్పు మనదే. ఆ వరస వచ్చేసరికి మన థియేటర్‌లో లైట్లు వేసి, తలుపులు బార్లా తీసి, సెకండ్ షో బండ్లను లోపలికి వదులుతుంటారు.