వంద దాటని వ్రతం

విశాఖపట్నంలో కార్తిక సోమవారాలు మానేసినవారున్నారు, ఏకాదశి ఉపవాసాన్ని మధ్యాహ్నానికే ముగించినవారూ ఉన్నారు. మా మేనకోడలి పెళ్లికి వచ్చిన ఫొటోగ్రాఫరు మాత్రం కెమెరాలో ఐఎస్‌ఓ, అంటే మసక వెలుతురులో ఫొటో వెలగడానికి పెంచుకునే అంకె, 100 దాటరాదన్న వ్రతాన్ని చివరిదాకా భంగపరచలేదు.

ఈ వ్రతానికి స్థలమాహాత్మ్యం లేకపోలేదు. మిట్టమధ్యాహ్నం ఆర్‌కే బీచ్‌లో, 2001లో నౌకాదళ సేవ ముగించుకుని ఇప్పుడు ఒడ్డున విశ్రమిస్తున్న కుర్సురా జలాంతర్గామిని తీయడానికి 100 దివ్యమైన సంఖ్య. వెలుతురుకు కొదవలేదు, జలాంతర్గామి కదలదు. చిక్కల్లా పెళ్లివారు కదలడమే.

ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషాలకు. మండపంలో వెలుతురు అంతంత మాత్రం. ఫ్లాష్ వేస్తే సహజత్వం చచ్చిపోతుందట. ఐఎస్‌ఓ పెంచవయ్యా అంటే, "గ్రెయిన్స్ వచ్చేస్తాయి సార్, ఫొటో నిండా గరుకు గింజలు" అని నా అజ్ఞానం మీద జాలిపడ్డాడు. అందువల్ల షట్టర్ సెకనులో ఎనిమిదో వంతు సేపు తెరుచుకుని కూర్చుంది. అంతసేపట్లో తలంబ్రాలు జానెడు కిందికి జారతాయి కనుక, అతడు శాస్త్రీయమైన పరిష్కారం కనుగొన్నాడు: "అమ్మా, తలంబ్రాలు పోస్తూ కదలకండి." పెళ్లికూతురు దోసిలి ఎత్తి శిలలా నిలిచింది. మంత్రం మధ్యలో నోరు తెరిచి ఆగిన పంతులుగారు, ఇక మూయవచ్చునా అని అడగడానికైనా నోరు కదపాలి గనుక, అడగలేకపోయారు. సన్నాయివారికి బుగ్గలు పొంగించి ఉంచమని ఆజ్ఞ అయింది. ఇంతమంది శిలలైనా భూమ్యాకర్షణ మాత్రం అతడి మాట వినలేదు. ఆల్బమ్‌లో దంపతుల నెత్తిన డాల్ఫిన్స్ నోస్ కొండ మీది మంచు దిగినట్లుంది. గింజలు రాకూడదన్న ప్రతిజ్ఞ ఎంత ఘనంగా నెరవేరిందంటే, తలంబ్రాలలోని బియ్యపు గింజ కూడా ఒక్కటి కనబడలేదు.

100ను ఐదుసార్లు రెట్టిస్తే 3200. ఆ వెలుతురులోనే ఆ అంకె పెట్టి ఉంటే షట్టర్‌కు సెకనులో 250వ వంతు చాలేది. ఫిల్ము రోజుల్లో 400 రీలు వేస్తే గరుకు నిజంగానే కనబడేది. ఆ భయం తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా దక్కింది, రీలు మాత్రం దక్కలేదు. డిజిటల్ కెమెరాలో ఆ గరుకుకు మూలం ముఖ్యంగా సెన్సార్ మీద పడే వెలుతురు చాలకపోవడమే. 100కే కట్టుబడి చీకటిగా తీసి, తరువాత కంప్యూటరులో వెలిగించబోయినా అవే గింజలు పిలవని పేరంటానికి వస్తాయి.

ఆ పెళ్లిలో మా అమ్మ, మనుమరాలి తల మీద అక్షతలు వేసి, చాలా ఏళ్ల తరువాత నోరారా నవ్వింది. ఆల్బమ్ చేతికి వచ్చేలోపే ఆమె వెళ్లిపోయింది. ఆ నవ్వు తీసిన ఫొటో ఒక్కటే ఉంది. అందులో స్తంభాలు, పూలదండలు, ఆఖరికి ప్లాస్టిక్ కుర్చీ వెనుక సప్లయర్ రాయించుకున్న పేరు కూడా తేటగా ఉన్నాయి. అమ్మ ముఖం ఉండవలసిన చోట తడిచేత్తో తుడిచేసిన ముగ్గు ఉంది. నీ నున్నదనం ఎవడికి కావాలయ్యా? ముఖమంతా ఇసుక చల్లినట్లుంటేనేం, మా అమ్మ కనబడేది కదా! ఒక్క మీట తిప్పడానికి చేతులు పడిపోయాయా?

నిన్న మిగతా పైకం కోసం ఫోన్ చేశాడు. వంద దాటనన్నాను.