తాతగారి బర్త్ సర్టిఫికెట్

2025 జూన్ 5న జర్మనీ ఛాన్సలర్ మెర్జ్ గారు వైట్‌హౌస్‌కి ఏం పట్టుకెళ్లారో మీరూ చూసే ఉంటారు. బంగారు ఫ్రేములో ట్రంప్ తాతగారి బర్త్ సర్టిఫికెట్. కార్ల మీద 25 శాతం అదనపు సుంకం బాదినవాడిని బల్ల గుద్ది అడగాల్సిన రోజున, యూరప్‌లోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థను నడిపే మనిషి మీసేవలో ఇచ్చేలాంటి కాగితంతో వెళ్లారు.

వసుదేవుడంతటివాడూ గాడిద కాళ్లు పట్టుకున్నాడు, కాదనను. కానీ ఆయన గాడిద తాతగారి జాతకం తవ్వి తీసి, ఫ్రేము కట్టించుకుని వెళ్లలేదు.

బెర్లిన్‌లో మీటింగు ఎలా జరిగి ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టుంది. వాణిజ్యశాఖ వాళ్లు ఉక్కు, అల్యూమినియం ఫైళ్లు మోసుకొచ్చారు. ప్రోటోకాల్ అధికారి వాటిని పక్కన పెట్టించి, ఫ్రేము ఏ రంగుది అని అడిగాడు. గంటన్నర చర్చ. ఒక పెద్దాయన, తాతగారి ఊరు కాల్‌స్టాట్ కదా, అక్కడి ప్రసిద్ధ వంటకం, పంది పొట్టలో మాంసం, బంగాళాదుంపలు కూరి ఉడికించేది, పంపుదామన్నాడు. దానిమీదా సుంకం పడుతుందని ఆపేశారు.

ఫలితం? జూలై 27న స్కాట్లండ్‌లో, ట్రంప్ సొంత గోల్ఫ్ రిసార్టులో, యూరోపియన్ యూనియన్‌తో 15 శాతం సుంకానికి ఒప్పందం. అదివరకు కార్లమీద ఉన్నది రెండున్నరే. నానమ్మదీ కాల్‌స్టాటే. ఆవిడ సర్టిఫికెట్టూ పనిలోపనిగా ఇచ్చేసుంటే ఇంకో ఒకటో రెండో తగ్గేదేమో!

సుంకాల గొడవ వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. నాకు ఒళ్లు మండేది ఇంకో కాగితం గురించి. ఆ తాత పదహారేళ్లప్పుడు, 1885లో, అమెరికా చెక్కేశాడు. డబ్బు సంపాదించాక, భార్య ఊరిమీద బెంగ పెట్టుకుందని తిరిగొచ్చాడు. సైనికసేవ ఎగ్గొట్టావు, పొమ్మంది అప్పట్లో ఆ ఊరిని ఏలే బవేరియా ప్రభుత్వం. చంకలో పసిపిల్ల, భార్య కడుపుతో ఉంది. 1905లో రాజప్రతినిధి లూయిట్‌పోల్డ్‌కి కాళ్లావేళ్లా పడి అర్జీ పెట్టుకున్నాడు. వినలేదు. గెంటేశారు.

ఆ మనవడి ప్రభుత్వమే 2025 ఫిబ్రవరిలో ఆడవాళ్లు, పిల్లలు సహా 104 మంది మన దేశస్థులను, అక్రమ వలసదారులంటూ, మిలిటరీ విమానంలో తెచ్చి అమృత్‌సర్‌లో దింపింది. దారి పొడవునా కాళ్లకు గొలుసులేనని దిగినవాళ్లు చెప్పారు. మెర్జ్ గారూ, ఈ సంగతి తెలిసీ నవ్వుతూ ఫోటో దిగడానికి సిగ్గుండక్కర్లేదా? మీ దగ్గర ఆ అర్జీ ఉందిగా! ఫ్రేము దానికి కట్టించాల్సింది. ఓవల్ ఆఫీసులో, కెమెరాల ముందు, ఆ మనవడి చేతే గట్టిగా చదివించాల్సింది.