‘పైకి వెళ్దాం’ అనే హక్కు

అండమాన్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లలో ఒక వీడియో దాదాపు ఖాయం. నల్లటి వెట్‌సూట్, నోట్లో సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్, చుట్టూ రంగురంగుల చేపలు, కెమెరా వైపు చేతి సైగ. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పిలుస్తున్న హావ్‌లాక్‌లో, నెమో రీఫ్ దగ్గర సీజన్‌లో పొద్దున్నుంచీ ఇదే పని. మన ఋషికొండలోనూ ఈ సరదా వచ్చేసింది. దీన్ని ‘స్కూబా చేశాం’ అని చెప్పుకోవడం మీదే నా అభ్యంతరం. నిజానికి చేసింది వెనక ఉన్న ఇన్‌స్ట్రక్టర్. సిలిండర్ పట్టుకున్నది, తేలడానికి సాయపడే జాకెట్‌లోకి గాలి నింపింది, వదిలింది, ఎంత లోతుకు దిగాలో ఎప్పుడు పైకి రావాలో తేల్చింది అన్నీ ఆయనే. బండి వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగొచ్చినంత మాత్రాన డ్రైవింగ్ వచ్చేసినట్టా?

కోర్సులో చేరి నేర్చుకునేవాళ్ల మొదటి డైవ్‌లు వేరేగా ఉంటాయి. వాళ్లకు చేపలు చూసే తీరిక ఉండదు. ముందు చెవులతోనే తంటా. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. అందుకే దిగడం మొదలైన క్షణం నుంచే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ చెవులు సర్దుకోవాలి. నొప్పి మొదలైందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. పక్కవాళ్లు దిగిపోతున్నారని పంతానికి పోతే కర్ణభేరికి చిల్లు పడొచ్చు.

తర్వాత ఊపిరి. కొత్తవాళ్ల సిలిండర్ ఇట్టే ఖాళీ అవుతుంది. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్‌తో దిగి, తోటివాళ్ల దగ్గర ఇంకా బోలెడు గాలి ఉండగానే వీళ్ల మీటరు 50కి వచ్చేస్తుంది. చాలామంది దీనికి చిన్నతనపడతారు. అక్కర్లేదు. 10 మీటర్ల దగ్గర ప్రతి శ్వాసకూ రెట్టింపు గాలి ఖర్చవుతుంది, దానికి తోడు అనవసరంగా చేతులు ఆడించడం, టెన్షన్. టెన్షన్‌లో చిన్న చిన్న శ్వాసలు తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. సిలిండర్ నిండుగా ఉన్నా ఊపిరాడనట్టు అనిపించేది దానివల్లే. అప్పుడు చేయాల్సింది కదలకుండా ఆగి, ఊపిరి పూర్తిగా వదిలి, నిదానంగా పీల్చడం. భయపడిన మనిషి చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తాడు. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. దానికి బయటికి దారి లేకపోతే ఊపిరితిత్తులు చిట్లి ప్రాణం పోవచ్చు. పుట్టుకతో వచ్చిన ఈ స్పందనను మాన్పించడానికే శిక్షణలో సగం సమయం పోతుంది. మాస్క్‌లోకి నీళ్లు రానిచ్చి బయటికి ఊదించడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్‌ను వెతికి మళ్లీ పెట్టుకోమనడం అన్నీ ఇందుకే.

అయితే ఈ పాఠాలన్నిటికంటే గొప్పదని నేను నమ్మే నియమం ఒకటుంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా డైవ్ ఆపేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. బొటనవేలు పైకి చూపిస్తే చాలు, నీళ్లలో దాని అర్థం ‘పైకి వెళ్దాం’. జంటగా దిగిన రెండో మనిషి ఎంత అనుభవం ఉన్నవాడైనా, ఎదురుగా ఎంత అపురూపమైన జీవి ఈదుతున్నా, వెంట రావాల్సిందే. పడవెక్కాక ఎందుకు పాడుచేశావని అడగకూడదు. నిన్న చేరినవాడి వేలికీ, వెయ్యి డైవ్‌లు చేసినవాడి వేలికీ ఒకటే విలువ. ఇంత ప్రజాస్వామ్యం మన ఇళ్లలో ఉందా? ఆఫీసుల్లో ఉందా?

టూరిస్టుకు అమ్మే డైవ్‌లో ఈ హక్కు నామమాత్రం. ఒడ్డున నాలుగు సైగలు గబగబా చూపిస్తారు. జలుబుందా, ఆస్తమా ఉందా అని అడిగే ఫారం మీద చదవకుండానే సంతకం పెట్టేస్తాం. డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఉండాలన్న సంగతి ప్యాకేజీ వేసేటప్పుడు ఎంతమందికి గుర్తుంటుంది? డబ్బు ముందే కట్టేశాం, వీడియో తీసేవాడు నీళ్లలో ఉన్నాడు, మన వెనక బ్యాచ్ ఎదురుచూస్తోంది. ఈ హడావిడిలో ‘నాకు భయంగా ఉంది, వద్దు’ అనాలంటే దిగడానికి కావాల్సిన దానికంటే ఎక్కువ ధైర్యం కావాలి.

ఈత రానివాళ్లకూ, కోర్సుకు సెలవూ డబ్బూ లేనివాళ్లకూ సముద్రం లోపలి లోకాన్ని చూపించేది ఈ అరగంటే కదా అంటారు. నిజమే. మంచి ఇన్‌స్ట్రక్టర్ మనిషిని క్షణం కూడా వదలడు, 12 మీటర్లు దాటనివ్వడు. ఈ డైవ్‌లు ఆపేయమని నేననను. అమ్మే పద్ధతి మారాలంటున్నాను.

ఎందుకంటే ‘వద్దు’ అననివ్వని ఈ జబ్బు స్కూబాతో మొదలైంది కాదు. ఏటా వేసవిలో చెరువుల్లో, క్వారీ గుంతల్లో, బీచ్‌ల్లో కుర్రాళ్లు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఒకడు దిగితే మిగతావాళ్లంతా దిగాలి, గట్టున నిలబడ్డవాడు పిరికివాడు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోల్తా పడిన పడవ వరద గోదావరిలోకి అసలు వెళ్లకూడనిది. వెనక్కి తిరగడమంటే మనకు ఓటమి.

నీళ్ల సంగతి అలా ఉంచండి. ఇంటర్ హాస్టల్ నుంచి ‘నావల్ల కావట్లేదు నాన్నా’ అని ఏడ్చే పిల్లాడికి ఇంట్లోంచి ఏం జవాబు వెళ్తోంది? ఫీజు కట్టేశాం, ఇంకొక్క ఏడాది ఓర్చుకో. ఆ పిల్లాడు వేలు పైకి చూపించాడు. వెంట పైకి రావాల్సిన పెద్దవాళ్లు రాలేదు. కొందరు పిల్లలు దీనికి ప్రాణాలతో మూల్యం చెల్లించారు. అయినా మనం ఇంకా ర్యాంకుల ఫ్లెక్సీలే కడుతున్నాం.

ఋషికొండలో అయినా, అండమాన్‌లో అయినా పర్యాటక శాఖలు ఒక పని చేయొచ్చు. సగంలో ఆగిపోయినవాళ్లకు డబ్బు వెనక్కి ఇవ్వాలన్న షరతును ప్రతి ఆపరేటర్‌కూ పెట్టాలి, ఆ మాట రసీదు మీద తెలుగులో, హిందీలో అచ్చు వేయించాలి. డబ్బు పోతుందన్న బెంగ లేకపోతే చాలామంది వేలు లేస్తుంది. ఇక ఈ డైవ్‌లకు పదేళ్ల పిల్లల్ని కూడా దించుతున్నారు. మీవాడు నడుము లోతులో ఆగి వద్దంటే ‘ఏం కాదులే, దిగు’ అనకండి. పెట్టిన డబ్బు ఊసెత్తకుండా ఒడ్డుకు తీసుకురండి.